తలసరిలో ఒక తల

ఫిబ్రవరి 11

వదినా,

ఫోన్ చేస్తే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, నేను నిన్ను మాట్లాడనివ్వను, మధ్యలో అన్నయ్య లాక్కుని ఇద్దరినీ మాట్లాడనివ్వడు. అందుకే ఈ పరాయి దేశం నుంచి ఈ ఉత్తరం. దీనికి అడ్డుపడటం నీ వల్ల కాదు.

సంగతి ముందే చెప్పేస్తాను, ఆగలేను. మన దేశం పై వరసకి వెళ్ళింది! నా ఉద్యోగం ఏమిటని ఎవరడిగినా "దేశాలకి మార్కులు వేసే పంతులమ్మ" అంటావు కదా, అది నిజమే. ఏ దేశంలో ఏడాదికి ఎంత సంపద పుడుతోంది, దాన్ని అక్కడి జనంతో భాగిస్తే తలకి ఎంత పడుతుంది, ఆ పడినదాన్నిబట్టి అది పేద దేశమా, మధ్యరకమా, కలిగిన దేశమా అని వరసలో నిలబెట్టడమే మా ఆఫీసు పని. మనం ఎప్పుడూ పేద వరసలోనే ఉన్నాం. ఇప్పుడు మధ్యరకం. మన లెక్క తిరగరాసిన ముగ్గురిలో నేనొకదాన్ని.

పాత లెక్క నేను బడికి వెళ్ళే రోజుల్లో పెట్టుకున్న కొలతలతో నడుస్తోంది. అప్పటికి సెల్‌ఫోను లేదు, దాన్ని బాగుచేసేవాడూ లేడు. వీధి చివర బండి మీద అమ్మేవాళ్ళని, ఇంట్లో కూర్చుని కూలికి పని చేసేవాళ్ళని ఎవరూ పట్టించుకోలేదు. మేం రెండేళ్ళు కూర్చుని అవన్నీ చేర్చాం. చేర్చేసరికి మన సంపద ఏకంగా మూడో వంతు పెరిగింది. పెరిగిందని కూడా అనకూడదు, ఉన్నదే ఇప్పుడు కనబడింది.

మా గదిలో గోడ పొడుగునా ఒక బోర్డు ఉంటుంది. దేశానికొక పట్టీ, అయస్కాంతంతో అతుక్కుంటుంది. మా పెద్దాయన నన్ను పిలిచి, మన దేశం పట్టీని నా చేత్తోనే తీయించి పై వరసలో పెట్టించాడు. గదిలో వాళ్ళందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఇంటికి వస్తూ మెట్ల మీద నాలో నేనే నవ్వుకుంటుంటే మా ఇంటి ఓనరమ్మ తలుపు తీసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ఆవిడ తీరే అంత. నేను తుమ్మినా గోడ మీద కొడుతుంది.

అన్నయ్యకి చదివి వినిపించు. చేతికి మాత్రం ఇవ్వకు, ఊరంతా చాటేస్తాడు.

ఇట్లు,
పంతులమ్మ


మార్చి 2

మరదలు పిల్లా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. వార్డులో నలుగురు నర్సులు చేసే పని ఇద్దరం చేస్తున్నాం, కలం పట్టుకునే తీరిక లేదు. ముందుగా నీకు బోలెడు ముద్దులు. ఆ పట్టీ పైకి జరిపిన చేతికి ఇంకో రెండు ఎక్కువ.

చాటింపు సంగతి అడక్కు. మీ అన్నయ్య బ్యానర్ల షాపుకి ప్రభుత్వం వాళ్ళ పెద్ద ఆర్డరు వచ్చింది. "మనం ఎదిగాం" అని అక్షరాలు, పక్కన దేశం బొమ్మ, దానికి రెండింతలు మంత్రిగారి మొహం. మిషను ఆగకుండా తిరుగుతోంది. ఇల్లంతా రంగుల వాసన. అన్నం తింటుంటే కంచం అంచున నీలం వేలిముద్రలు. పైగా నీ ఫొటో ఒకటి పెద్దది చేసి షాపు ముందరి అద్దం వెనక పెట్టాడు, "ఈ లెక్క వేసింది మా చెల్లెలే" అని. అదయ్యా సంగతి.

మంత్రిగారు మొన్న సభలో అన్నారట, "ఇక మనం ఎవరి ముందూ చెయ్యి చాచం" అని. బాగుంది. కానీ మన వీధి కుళాయి మాత్రం అప్పుడెంతసేపు వచ్చేదో ఇప్పుడూ అంతసేపే వస్తోంది, దానికింకా ఈ కబురు అందినట్టు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా రక్తం ఎక్కించే వార్డు నీకు తెలుసు. పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా పట్టనివాళ్ళు నెలనెలా వచ్చి ఎక్కించుకుని వెళతారు. ఎక్కించిన రక్తంలోని ఇనుము బయటికి పోదు, గుండెలోనూ కాలేయంలోనూ పేరుకుంటుంది. అది కరిగి పోవడానికి రోజూ మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలు మా ఆసుపత్రి ఏనాడూ కొనలేదు, బయటి దేశంలోని ఒక మందుల నిధి వాళ్ళు ఉచితంగా పంపుతున్నారు.

వచ్చేవాళ్ళలో కాజాల పిల్ల అని ఒకమ్మాయి ఉంది, నీ కంటే నాలుగైదేళ్ళు చిన్నది. చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది, అందుకే ఆ పేరు. సూది గుచ్చితే కళ్ళు మూసుకోదు, నా పనిలో వంకలు వెతుకుతుంది. నీ సంగతి చెబితే, "మనం ఉన్నోళ్ళమయ్యామంట కదా సిస్టరమ్మా! మరి నా ఓవర్‌టైము ఎప్పుడిస్తారో మీ మరదల్ని అడగండి" అంది. వార్డంతా నవ్వింది.

నిన్న సూపరింటెండెంటుగారు నన్ను గదిలోకి పిలిచి ఒక కాగితం చూపించారు. నిధి వాళ్ళది. మీరు పేద దేశాల వరస నుంచి బయటికి వచ్చారు కాబట్టి అభినందనలు, ఏప్రిల్ తర్వాత మాత్రలు పంపం అని. అభినందనలు అని నిజంగానే రాశారు పిల్లా.

ఆ వరస మీ ఆఫీసు వరసేనా? ఇంకెవరిదో అయ్యుంటుంది కదా? కాదని ఒక్క ముక్క రాయి.

నీ జవాబు కోసం చూస్తూ,
వదిన


మార్చి 19

వదినా,

నీ ఉత్తరం చదివి మనసు అదోలా అయింది. అబద్ధం చెప్పను, ఆ వరస మాదే. కానీ మందులు ఆపింది మేం కాదు. మేం ఎత్తు కొలిచి చెబుతాం, అంతే. ఇంత ఎత్తున్నవాళ్ళకి చొక్కా ఇవ్వం అని నిధి వాళ్ళు పెట్టుకుంటే అది వాళ్ళ నియమం. టేపుని తిట్టి లాభం ఏముంది?

ఇంకోటి కూడా ఆలోచించు. ఎన్నాళ్ళు వేరేవాళ్ళు ఇస్తే తీసుకుంటాం? పై వరసకి వచ్చిన దేశానికి తక్కువ వడ్డీకి కాకపోయినా ఎక్కువ అప్పు పుడుతుంది, కొత్త ఫ్యాక్టరీలు వస్తాయి. ఆ మాత్రలు ఇక మన ప్రభుత్వమే కొనాలి. కొనగలదు కూడా, లెక్క అదే చెబుతోంది. మధ్యలో కొన్ని నెలలు ఇబ్బంది పడతారు, నిజమే. ఏ దేశమైనా ఆ దశ దాటాల్సిందే.

లెక్క ఎలా పెరిగిందో తెలిస్తే నీ అనుమానం తీరుతుంది. కొత్తగా చేర్చినవాటిలో ఇళ్ళు కూడా ఉన్నాయి. సొంతింట్లో ఉండేవాళ్ళు తమ ఇంటికి తామే అద్దె కట్టుకుంటున్నట్టు లెక్కేస్తాం. అన్ని దేశాలకీ అలాగే వేస్తాం, లేకపోతే ఒకదానితో ఒకటి పోల్చలేం. అలాగే సముద్రంలో తీస్తున్న గ్యాసు. తీసేది బయటి కంపెనీయే అయినా తీసింది మన నీళ్ళలో కదా.

నీ కాజాల అమ్మాయి గురించి బెంగపడకు. ఇక్కడ మందుల షాపులో ఆ మాత్రలు దొరుకుతాయో లేదో కనుక్కున్నాను, దొరుకుతాయి. తనకి సరిపడా నేను పంపుతాను. డాక్టరుగారి చీటీ ఒకటి పంపించు.

అన్నయ్య ఎందుకు ఒక్క మాటా రాయలేదు?

ప్రేమతో,
నీ మరదలు


ఏప్రిల్ 8

మరదలా,

నీ ఉత్తరం వార్డులోనే విప్పాను. విప్పకుండా ఉండాల్సింది. పక్కనున్న నర్సు "ఏమైంది, ఎవరైనా పోయారా?" అని అడిగింది.

"మధ్యలో కొన్ని నెలలు ఇబ్బంది." ఎంత హాయిగా రాశావే! ఎవరి నెలలు అవి? నీవా? నావా? మా దగ్గర ఉన్న మాత్రలు డాక్టరుగారు తలా సగం చేశారు. రోజూ వేసుకునేవాళ్ళు రోజు మార్చి రోజు వేసుకుంటున్నారు. ఆ సగం పొట్లాలు కట్టి చేతిలో పెట్టేది నేను. "ఏం సిస్టరమ్మా, మేం సగమే రోగులమా?" అని ఒక తండ్రి నన్ను నిలదీస్తే ఇంకో పొట్లం కట్టడం మొదలుపెట్టాను. ఆ తండ్రికి నీ టేపు సంగతి చెప్పమంటావా?

సొంతింటి సంగతి చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ రేకుల గదిలో నేను ఉంటున్నందుకు నాకు నేనే అద్దె కట్టుకుంటున్నానా? ఏ చేత్తో ఇచ్చి ఏ చేత్తో పుచ్చుకుంటున్నాను? ఆ రాని అద్దె కలుపుకుని నేను ఉన్నదాన్ని అయ్యాను, అయినందుకు మాత్రలు పోయాయి. గ్యాసు లాభమంతా పట్టుకుపోయేది వాళ్ళు, దాని పేరు చెప్పి మందు పోగొట్టుకునేది మేం. ఇంటికొచ్చి నేను వండేది, తోమేది, మీ అన్నయ్య రంగుల చొక్కాలు ఉతికేది మాత్రం నీ లెక్కలో లేదు, నాకు తెలుసు. ఎప్పుడో నువ్వే చెప్పావు. రాని అద్దె ఉంది, చేసిన చాకిరీ లేదు. దీన్ని లెక్క అంటారా?

ప్రభుత్వం కొనగలదన్నావు. ఆరోగ్య శాఖకి వెళ్ళాం, నేనూ డాక్టరుగారూ ఐదారుగురు తల్లులూ. అది నిధి వాళ్ళు చూసుకునే పని, మా పద్దులో లేదు అన్నారు. ఆర్థిక శాఖకి వెళ్ళమన్నారు. అక్కడ ఒకాయన, "మనం ఎదిగామమ్మా, ఇలా ఏడుస్తూ తిరిగితే దేశం పరువేం కాను?" అన్నాడు. ఆయన వెనక గోడకి మీ అన్నయ్య అచ్చేసిన బ్యానరు.

ఇక నువ్వు పంపుతానన్న మాత్రలు. ఒక్క పిల్లకి పంపుతావా? మిగతా మంచాల మీదున్నవాళ్ళు ఏం చెయ్యాలి, గోడవైపు తిరిగి పడుకోవాలా? దానం చేసి నిద్రపోదామనుకుంటున్నావేమో. చీటీ పంపను. వద్దు.

వార్డు సంగతి రాయమని ఒక పత్రికాయనతో మాట్లాడాను. మాట్లాడాను కాబట్టి చెబుతున్నాను, దాచాల్సిన పని చెయ్యలేదు.

వదిన


ఏప్రిల్ 27

వదినగారికి,

'గారు' ఎందుకు చేర్చానో నీకు తెలుసు.

పత్రిక నాకూ అందింది. మా ఆఫీసులో ఎవరో తర్జుమా చేయించి పెద్దాయన బల్ల మీద పెట్టారు. "మనల్ని ధనికుల్ని చేసింది మన ఆడపిల్లే" అని పెద్ద అక్షరాల శీర్షిక, కింద నా ఫొటో, దాని కింద సగం మాత్రల పొట్లం. నా పేరూ, నా ఆఫీసూ, మా ఇంటి వివరాలూ అన్నీ ఉన్నాయి. పెద్దాయన కేకలు వెయ్యలేదు. "నీ సొంత దేశం లెక్కలో నిన్ను పెట్టడం నా పొరపాటు" అన్నాడు. కేకలేసినా బాగుండేది.

నన్ను నాలుగు గోడల మధ్య తిట్టు, పడతాను. చిన్నప్పుడు జడ వేస్తూ మొట్టికాయలు వేసినదానివి, ఆ హక్కు నీకుంది. ఊరి ముందు నిలబెట్టావేం? అన్నయ్య కూడా నీ వైపేనని అర్థమైంది, అందుకే ఉత్తరం లేదు, ఫోను లేదు.

ఒక మాట చెప్పాలి, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూర్చుని కూలికి పని చేసేవాళ్ళని లెక్కలో చేర్చాలని మా ఆఫీసులో పోట్లాడింది నేనే. మిగతా ఇద్దరూ, అదంతా తవ్వాలంటే ఏళ్ళు పడుతుంది, వదిలేద్దాం అన్నారు. నేను వదల్లేదు. ఎందుకో తెలుసా? అమ్మ కోసం. మా నాన్న పోయాక అమ్మ గుమ్మంలో కుట్టు మిషను వేసుకుని దిళ్ళ గలేబులు కుట్టి మమ్మల్ని పెంచింది. నీకు తెలియనిదేముంది, నువ్వు కాపురానికి వచ్చాక కూడా ఆ మిషను చప్పుడుకే కదా నిద్ర లేచేదానివి. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఏళ్ళ లెక్కలు తీసి చూశాను. అమ్మలాంటి వాళ్ళ వరసలో సున్నా వేసి ఉంది. పని చెయ్యనివాళ్ళు అని రాసి ఉంది. పని చెయ్యనివాళ్ళు!

ఆ సున్నాని కొట్టేశాను. అదీ నేను చేసిన నేరం. లెక్క తప్పని మాత్రం నేను అనను వదినా. నువ్వు కోప్పడ్డావని, నేను కోప్పడ్డానని, పాత అబద్ధాన్ని మళ్ళీ నిజం అనలేను.

ఇక నేను కొన్నాళ్ళు రాయకపోవచ్చు.

మీ ఇంటి ఆడపడుచు


జూన్ 14

పిల్లా,

నీ ఉత్తరానికి మే అంతా జవాబు రాయలేదు. నువ్వూ రాయలేదు. పెద్ద ఊళ్ళో ఉద్యోగం, మాతో పనేముంది అనుకున్నాను, అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది కాబట్టి.

కాజాల పిల్ల పోయింది. మొన్న గురువారం పొద్దున్న, షిఫ్టు మారే వేళ.

ఏప్రిల్ చివర్లో ఆయాసం మొదలైంది. ఆమె గుండె ముందునుంచీ బలహీనమే, అప్పటికే ఇనుము పట్టి ఉంది. మందు ఉంటే బతికేదని రాసివ్వమంటే ఇవ్వలేను అన్నారు డాక్టరుగారు. నేనూ రాసివ్వలేను. కానీ పోయినేడాది ఇదే పిల్ల మెట్లెక్కి వార్డుకి వచ్చేది. ఈ నెల వాళ్ళమ్మ, నేను చెరో వైపు పట్టుకుని తీసుకొచ్చాం.

మేలో ఒక రోజు మాటల్లో చెప్పాను, మా మరదలు నీకు మాత్రలు పంపుతానంటే నేను వద్దన్నానని. అందరికీ లేనిది ఒక్కళ్ళకి ఎలా అని రాశాను అని. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె, "నన్ను అడగాల్సింది సిస్టరమ్మా. నేను ఒప్పుకునేదాన్నే. నాకంత పౌరుషం ఎక్కడిది?" అంది. అని నవ్వింది కూడా. ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. కోపంగా ఉన్నావనుకుని మళ్ళీ చెయ్యలేదు. ఇప్పుడు నా కోపం ఎవరి మీదో నాకే తెలియడం లేదు. నిధి వాళ్ళ మీదా, ఆ బ్యానరు కింద కూర్చున్నవాడి మీదా, నీ మీదా, నా మీదా? అందరి మీదా ఉంది. అయినా ఇంకా మిగిలింది.

పత్రిక సంగతి. నేను పత్రికాయనతో వార్డు గురించే చెప్పాను, నీ పేరెత్తలేదు. ఆయన తిరిగి వెళుతూ బ్యానరు ధర కనుక్కుందామని మీ అన్నయ్య షాపుకి వెళ్ళాడట. అద్దం వెనక ఫొటో చూసి అడిగితే, ఈ మహానుభావుడు టీ తెప్పించి కూర్చోబెట్టి, నువ్వు పుట్టిన దగ్గర్నుంచి చెప్పాడు. నీకు మొహం చూపించలేక రాయడం లేదు, కోపంతో కాదు. ఆ బ్యానరు ఆర్డరు కూడా వదిలేశాడు. నేను అడగలేదు, తనే వదిలేశాడు.

అత్తయ్య గురించి రాసింది చదివి ఏడ్చాను. అత్తయ్య లెక్కలోకి రావడం న్యాయమే. ఆవిడ లెక్కలోకి వచ్చినందుకు ఈ పిల్ల మందు ఆగడం ఏం న్యాయం? ఆ ముక్క అత్తయ్య ఫొటో ముందు నిలబడి చెప్పగలవా నువ్వు?

ఒకటి అడుగుతాను, దాటెయ్యకుండా చెప్పు. మీరు సంపదని జనంతో భాగిస్తారు కదా. జనంలో ఇప్పుడు ఒకరు తగ్గారు. తలసరి పెరిగిందా?

వదిన


జూలై 30

వదినా,

నువ్వు ఫోన్ చేసిన రోజు నేను ఫోన్ చూసి, నీ పేరు కనిపించి, పక్కన పెట్టేశాను. దీనికి నేను చెప్పుకునేది ఏమీ లేదు.

నీ ప్రశ్నకి జవాబు. అవును, పెరిగింది. సగటు కన్నా తక్కువ సంపాదించే మనిషి పోతే సగటు పెరుగుతుంది. ఆ ఫ్యాక్టరీ జీతాలు నేను చూసినవే, సగటుకి చాలా కింద. ఎంత పెరుగుతుందంటే కాగితం మీద కనబడనంత. కానీ పెరుగుతుంది. నేను చదువుకున్న చదువులో ఇది తప్పు కాదు, సూత్రం.

మేలో ఎందుకు రాయలేదో చెబుతాను. ఏటా జూలైలో మా ఆఫీసు పెద్ద సభ పెడుతుంది. అన్ని దేశాల వాళ్ళూ, దానాలిచ్చే సంస్థల వాళ్ళూ వస్తారు. ఈసారి పై వరసకి వెళ్ళిన దేశాల గురించి మాట్లాడమని నన్ను వేశారు. పత్రిక గొడవయ్యాక తీసేస్తారేమో అని నోరు మెదపకుండా ఉన్నాను. నీకు రాస్తే నువ్వు మళ్ళీ ఆ పత్రికాయనకి చెబుతావేమో అని భయం. అంత నమ్మకం పోయింది మన మధ్య.

వేదిక ఎక్కాను. వెనక తెర మీద మన దేశం గీత పైకి వెళుతోంది. రాసిచ్చింది మొదటి పేజీ చదివి పక్కన పెట్టాను. ఈ లెక్క నేనే వేశాను, సరిగ్గానే వేశాను అని చెప్పాను. ఈ లెక్క చూపించి మా ఊళ్ళో ఒక వార్డుకి మందు ఆపారు, చొక్కాలకి కాజాలు కుట్టే అమ్మాయి జూన్‌లో పోయింది, మీలో ఎవరి ఒంటి మీదైనా ఆమె చేతి పని ఉండొచ్చు అన్నాను. నిధి తరఫున వచ్చినాయన ముందు వరసలోనే ఉన్నాడు.

"వరస మారగానే మందు ఆపాలని మీకు ఎవరు చెప్పారు?" అని అడిగాను.

"అది నియమం" అన్నాడు.

"రాసిందెవరు?"

ఆయన పక్కాయన మొహం చూశాడు, పక్కాయన కాగితాలు చూసుకున్నాడు. మా ఆఫీసులో మేమెవరమూ చెప్పలేదు వదినా. మా బోర్డు మీద పేద వరసకీ మధ్య వరసకీ నడుమ ఉన్న గీత చూసి, వాళ్ళకి వీలుగా ఉందని వాడుకున్నారు. వాళ్ళు వాడుకుంటున్నారని మాకు తెలుసు. వాడుకోవద్దని మేం ఎన్నడూ అనలేదు, పైగా మా గీతకి అంత విలువ ఉన్నందుకు గొప్పగా చెప్పుకున్నాం. టేపుని తిట్టి లాభమేముంది అని రాశాను నీకు. అన్నిటికన్నా ఆ మాటకే సిగ్గుపడుతున్నాను.

మైకు ఆపేశారు. అప్పుడు వెనక నుంచి ఇంకో దేశం ఆవిడ, నా ముక్కూ మొహం తెలియనావిడ, లేచి నిలబడి గొంతెత్తి అరిచింది, మాకు పురిటి ఆసుపత్రుల మందులు ఇలాగే ఆపారు అని. ఆవిడ తర్వాత ఒకాయన లేచాడు. సభ అలాగే ముగిసిపోయింది. తర్వాత వారానికి నిధి వాళ్ళు ప్రకటించారు, పై వరసకి మారిన దేశాలకి ఇంకో రెండేళ్ళు మందులు పంపుతామని, ఈలోగా ఆయా ప్రభుత్వాలు పద్దు పెట్టుకోవాలని. జాలిపడి ఇచ్చినట్టు రాశారు. ఇచ్చింది చాలు, తీసుకోండి.

నన్ను దేశాల గదిలోంచి తీసి కింది అంతస్తులో వేశారు, కిటికీ లేని గది, నివేదికల్లో అచ్చుతప్పులు దిద్దే పని. క్షమాపణ రాస్తే మళ్ళీ పైకి రావచ్చన్నారు. రాయను. ఉద్యోగం మాత్రం మానను. తీసెయ్యాలంటే వాళ్ళే తీసెయ్యాలి.

అన్నయ్యని ఫోన్ చెయ్యమను. ఈసారి ఎత్తుతాను.

నీ
మరదలు పిల్ల


అక్టోబర్ 5

బంగారూ,

మాత్రలు వచ్చాయి. నిండుగా, పూర్తి మోతాదుకి. చెప్పాలంటే ఉత్తరం ఇక్కడితో ఆపెయ్యొచ్చు. కానీ అవి ఎలా వచ్చాయో నువ్వు వినాలి.

డబ్బాలు రేవులో దిగిన రోజే మంత్రిగారికి కబురెళ్ళింది. ఆసుపత్రి ముందు పందిరి వేశారు. ప్రతి డబ్బా మీదా మంత్రిగారి ఫొటో అతికించారు. ప్రజల మందులు మన ప్రభుత్వ బాధ్యత అని. ఏప్రిల్‌లో మా పద్దులో లేదు అన్నవాళ్ళే! మీ అన్నయ్యని ఫొటోలు అచ్చెయ్యమని అడిగితే మిషను చెడిపోయిందన్నాడు. ఆ రోజంతా మిషను తిరిగింది, పెళ్ళి పత్రికలకి.

ఫొటో కోసం మొదటి డబ్బా ఒక రోగికి మంత్రిగారు తన చేత్తో ఇవ్వాలి. ఎవరికివ్వాలో నన్నడగలేదు. ఆరోగ్య శాఖలో ఎవరో పాత జాబితా తీసి, అందులో మొదటి పేరుకి ఆహ్వానం పంపారు. అది కాజాల పిల్ల పేరు. కార్డు వాళ్ళింటికే వెళ్ళింది, బంగారు రంగు అంచుతో. వాళ్ళమ్మ కార్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఏంటమ్మా ఇది?" అంది.

తప్పు జరిగింది, నేను ఇప్పుడే ఫోన్ చేసి మార్పిస్తాను అన్నాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"మార్పించకండి. పిలిచారుగా. నేనొస్తాను."

వద్దని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. ఉతికిన చీర కట్టుకుని పందిట్లో మొదటి వరసలో కూర్చుంది. మైకులో పేరు పిలిచారు. లేచి వెళ్ళింది. మంత్రిగారు డబ్బా చేతిలో పెట్టి, ఫొటోవాళ్ళ వైపు తిరిగి నవ్వుతూ, "పేషెంటు మీరేనామ్మా?" అని అడిగారు.

"మా అమ్మాయండీ."

"ఎలా ఉంది ఇప్పుడు?"

"లేదండీ. జూన్‌లో పోయింది. ఇది మేలో వచ్చుంటే వేసేదాన్ని."

మైకు దగ్గరగా ఉండటం వల్ల అది వీధి దాకా వినిపించింది. ఆవిడ గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఎవరైనా యోగక్షేమాలు అడిగితే చెప్పినట్టే చెప్పింది. మంత్రిగారి నవ్వు ఇంకా మొహం మీదే ఉండిపోయింది, దాన్ని ఎలా తియ్యాలో ఆయనకి తెలియలేదు. ఆరోగ్య శాఖ పెద్దాయన పరుగెత్తుకొచ్చి డబ్బా తీసుకోబోయాడు. ఆవిడ ఇవ్వలేదు. "నాకిచ్చారు కదండీ" అని, డబ్బా చంకలో పెట్టుకుని, పందిరి దిగి తిన్నగా మా వార్డులోకి నడిచింది. వెనకాలే నేనూ వెళ్ళాను. కూతురు ఎప్పుడూ పడుకునే మంచం మీద ఇప్పుడు ఒక లారీ క్లీనరు ఉంటున్నాడు, కుర్రాడి అమ్మానాన్నలు పొరుగూళ్ళో ఉంటారు. ఆ మంచం అంచున కూర్చుని డబ్బా విప్పింది. కళ్ళు సరిగా ఆనక, మోతాదు నన్ను చదవమంది. చదివాను. మాత్ర తీసి అతని చేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు అందించి, మింగేదాకా చూసింది.

తర్వాత పక్క మంచానికి వెళ్ళింది.

మర్నాడు ఏ పత్రికలోనూ ఆ ఫొటో రాలేదు. ఆహ్వానితుల జాబితా సరిచూడనందుకు సంజాయిషీ ఇమ్మని నాకు మెమో వచ్చింది. జాబితా పంపిందెవరో, దాన్ని సరిచూడాల్సిందెవరో రాస్తూ కూర్చున్నాను. మొదటి కాగితం చించేశాను, రాసింది మరీ మెత్తగా ఉంది.

ఆవిడ మాత్రం రోజూ వస్తోంది. మందుల వేళకి వచ్చి, మంచం మంచానికీ తిరిగి, ఎవరైనా వేసుకోకుండా దిండు కింద దాచారేమోనని చూసి వెళుతోంది. ఎవరూ రమ్మనలేదు, జీతం లేదు. నిన్న చేతులు కడుక్కుంటూ, "మీ మరదలుగారి లెక్కలో నేను పని చేస్తున్నట్టా, చెయ్యనట్టా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను.

నువ్వు చెప్పు. ఆవిడకి చదివి వినిపిస్తాను.

నీ వదిన